కట్టెల పొయ్యి: చేయవలసినవి, చేయకూడనివి

మా ఊళ్లో గ్యాసు లేని ఇల్లు లేదు. కట్టెల పొయ్యి లేని ఇల్లూ లేదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చాక సిలిండరు వంటింట్లోకి అడుగుపెట్టింది, మట్టి పొయ్యి పెరట్లోకి తప్పుకుంది, అంతే. టీ, ఉప్మా, కూరా గ్యాసు మీద. కాగులో స్నానాల నీళ్లు, గొడ్లకి ఉలవలు, సంక్రాంతికి అరిసెలు, చుట్టాలు దిగితే నాటుకోడి పులుసు కట్టెల పొయ్యి మీద. సిలిండరు ధర పెరిగిన నెలలో అన్నం కూడా పెరట్లోకే వెళ్తుంది.

చిక్కేమిటంటే, మూడు పూటలా పొయ్యి ముందు కూర్చున్నవాళ్ల చేతులకున్న జాగ్రత్తలు, వారానికి రెండుసార్లు ముట్టించేవాళ్లకి అందలేదు. మా అమ్మమ్మ ఏదీ చెప్పేది కాదు, చేసేది. ఊదుగొట్టం ఊదాక, ఊపిరి పీల్చేముందు మొహం పక్కకి తిప్పేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఒకసారి తిప్పకుండా పీల్చి, గొంతులోకి బూడిద, నిప్పురవ్వ కలిసి వచ్చాక తెలిసింది. ఇక్కడ రాస్తున్నవాటిలో సగం నాకు అలా ఆలస్యంగా తెలిసినవే.

పచ్చి కట్టె పెట్టొద్దు

అప్పుడే కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగం నీళ్లు. ఆ నీళ్లు పోయేదాకా అది మండదు, పొగలు కక్కుతుంది. కట్టెలో దాగిన ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయ్యే వేడితో పైన కాగులో ఎనిమిది లీటర్ల నీళ్లు మరిగేవి. పొగ అంటే మండకుండా పోయిన కట్టే. కళ్లు మండించేదీ, గిన్నెకి మసి పట్టించేదీ, మోపుకి మోపు మింగేదీ అదే. అందుకే పొయ్యి దగ్గర పొదుపు వేరు, ఆరోగ్యం వేరు అని నేను అనుకోను.

ఎండిందో లేదో చూడటానికి రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవైతే ఖంగుమంటాయి. పచ్చివైతే మొద్దుగా చప్పుడు చేస్తాయి. కోసిన కొసల్లో నెర్రెలు వచ్చి, బెరడు గోటితో ఊడుతుంటే సరే. రోహిణి కార్తె ఎండలకి ఆరబెట్టి, మృగశిర చినుకులు పడేలోపు చూరు కిందకి చేర్చడం పాత పద్ధతి. ఇప్పటికీ దానికి మించినది లేదు. దుంగలు దుంగలుగా పెట్టకండి. బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు వరకు చీల్చి పెడితే నలువైపులా అంటుకుంటాయి. దుంగ పైన మాత్రం మండి లోపల కుములుతుంది.

సరుగుడు, తుమ్మ, చింత నిలకడగా మండి మంచి నిప్పులు ఇస్తాయి. కంది కంప, పత్తి కట్టె భగ్గున లేచి చప్పున చల్లారతాయి. రాజెయ్యడానికి బాగుంటాయి కానీ వాటితో వంట చేస్తే పొయ్యి ముందు నుంచి లేవడానికి ఉండదు. లేచి వెళ్లారంటే బయటికి వేలాడే కొసల మీదుగా మంట నేల మీదకి వస్తుంది. సర్కారు తుమ్మకి ముళ్లు చెక్కాకే మోపు కట్టండి. గన్నేరు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ఆ చెట్టులో ప్రతి భాగమూ విషమే, దాని పొగా మంచిది కాదు. దాని పుల్లతో గిన్నె కలపడం కూడా వద్దు. వెదురు పెట్టాలంటే కణుపులు చీల్చి పెట్టండి. మూసుకున్న కణుపులో గాలి వేడెక్కి టపాకాయలా పేలుతుంది, నిప్పులు ఒళ్లో పడతాయి.

పాత తలుపులు, కిటికీ రెక్కలు, ప్లైవుడ్ ముక్కలు ఉచితంగా దొరికిన వంటచెరకులా కనిపిస్తాయి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం మీద కట్టడి 2017 చివర్లో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు రంగు వేసిన తలుపు కాలిస్తే ఆ సీసం పొగలోకి, బూడిదలోకి వస్తుంది. ఆ బూడిదతోనే మనం అంట్లు తోముతాం.

కట్టెల గుట్టలో చెయ్యి పెట్టొద్దు

ఇది పొయ్యికి రెండు గజాల అవతల జరిగే ప్రమాదం. అయినా పొయ్యి లెక్కలోదే. ఎలుకల కోసం పాము, పురుగుల కోసం తేలు, చల్లదనం కోసం జెర్రి ఆ గుట్టలోకే చేరతాయి. కట్టెల్ని నేల మీద కాకుండా ఇటుకల మీద, గోడకి జానెడు ఎడంగా పేర్చండి. కావలసినవి పగలే తీసి పొయ్యి దగ్గర పెట్టుకోండి. చీకటి పడ్డాక తీయక తప్పకపోతే టార్చిలైటు వేసి, ముందు ఒక కర్రతో కదిపి, పైనుంచి ఒక్కొక్కటే తీయండి. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే. అది కాటేస్తే పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు, పుల్ల గీరుకుంది అనుకుని పడుకుంటారు. అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కిరసనాయిలు పోయొద్దు, పాల కవరు వెయ్యొద్దు

ఆరిందనుకున్న పొయ్యిలో కిరసనాయిలు పోస్తే ముందు తెల్లటి పొగ లేస్తుంది. చాలామంది దాన్ని కట్టె పొగ అనుకుని మరికాస్త పోస్తారు. అది ఆవిరైన కిరసనాయిలు. కింద ఒక్క నిప్పు కణిక బతికి ఉన్నా మొత్తం ఒక్కసారే అంటుకుని, ధార వెంట సీసా దాకా పాకుతుంది. పెట్రోలు సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికి నిప్పు తగలాల్సిన పని కూడా లేదు, దాపుల్లో ఉంటే చాలు.

పాల కవర్లు, చిప్సు పొట్లాలు, సైకిలు ట్యూబు ముక్కలు వేసి ముట్టించడం ఈ మధ్య బాగా అలవాటైంది. త్వరగా అంటుకుంటాయి, నిజమే. కానీ కరిగిన ప్లాస్టిక్కు బొట్టు చర్మం మీద పడితే ఊడిరాదు. దాని పొగ అన్నం గిన్నె చుట్టూ తిరుగుతుంది. పీవీసీ పైపు ముక్క అయితే మరీ దారుణం, దాని నుంచి ఆమ్లం ఆవిరి వస్తుంది. మన పెరళ్లలో ఎండు తాటాకు, కొబ్బరి పీచు, పిడక ముక్క, కొబ్బరి చిప్ప ఉండగా కవర్లెందుకు? కింద పీచు, దాని మీద నాలుగు కంది పుల్లలు అడ్డదిడ్డంగా, మధ్యలో గాలి ఆడేలా పెట్టి ముట్టించండి. అవి అందుకున్నాకే లావు కట్టె. అదే పనిగా ఊదాల్సి వస్తోందంటే లోపం మీ ఊపిరిలో లేదు. కట్టె తడిగా ఉంది, లేదా పొయ్యి నిండా బూడిద ఉంది.

గాలికి దారి వదలండి

పొయ్యి నోటి నిండా కట్టెలు కూరితే మంట పెరుగుతుందనుకోవడం కొత్తవాళ్ల పొరపాటు. సగం నోరు గాలిది. రెండు మూడు కట్టెల కొసలు మాత్రమే మండుతూ, కాలిన కొద్దీ లోపలికి తోస్తుంటే పొగ తగ్గుతుంది. రోజూ ముట్టించే ముందు నిన్నటి బూడిద తీయాలి. గిన్నెకీ పొయ్యి అంచుకీ మధ్య వేలెడు సందు చాలు. అంతకన్నా తగ్గితే మంట ఊపిరాడక పొగ చిమ్ముతుంది, పెరిగితే వేడంతా పక్కల నుంచి పోతుంది.

మూడు రాళ్ల పొయ్యి మీద కట్టె ఇచ్చే వేడిలో గిన్నెకి చేరేది నూటికి పది, పదిహేను వంతులు. మెరుగైన పొయ్యికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు కనీసం 25 శాతం. అంటే మంచి పొయ్యి అయితే రెండు మోపుల పని ఒక మోపుతో అవుతుంది. ఈ ఆలోచన మనకి కొత్తేమీ కాదు. 1950ల్లోనే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధన శాలలో ఎస్.పి. రాజు పొగ గొట్టంతో మట్టి పొయ్యి రూపొందించి, పొగలేని వంటిల్లు గురించి పుస్తకమే రాశారు. 1980ల్లో కేంద్రం పొగలేని పొయ్యిల కార్యక్రమం పెట్టి ఊరూరా కట్టించి 2002లో ఆపేసింది. మా వీధిలో కట్టినవాటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు. పొయ్యి చెడ్డదని కాదు. గొట్టం దులపాలని ఎవరూ చెప్పలేదు. రెండేళ్లకి గొట్టం నిండా మసి పేరుకుని పొగంతా వెనక్కి ఇంట్లోకే తన్నింది. మా పెద్దమ్మ గొట్టం పీకించి, ఆ కన్నం గుండా పిచ్చుకలు వస్తుంటే మురిసిపోయేది.

మీ ఇంట్లో గొట్టం పొయ్యి ఉంటే నెలకోసారి పొడవాటి కర్రకి గోనెగుడ్డ చుట్టి దులపండి. ఆ మసి ఊరికే నల్లపొడి కాదు, జిగటగా ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ తగిలినా అంటుకోగలదు. గొట్టం కొస చూరు కిందే ఆగిపోకూడదు. కప్పు తాటాకుదో గడ్డిదో అయితే కప్పులోంచి గొట్టం తీయనే వద్దు. అలాంటి ఇళ్లలో పొయ్యి చోటు ఆరుబయటే, వంటయ్యేదాకా పక్కన నిండు బిందె ఉండాల్సిందే.

పొయ్యి రాళ్లుగా వాగులో నానిన గుండ్రాళ్లు తేకండి. లోపలి తేమ ఆవిరై రాయి పగిలి పెచ్చులు ఎగురుతాయి. సిమెంటు ఇటుకలదీ అదే కథ. కాల్చిన మట్టి ఇటుకలు మేలు.

పొదుపు చిట్కాల్లో నాకు నచ్చినవి రెండే. బియ్యం, పప్పులు, ఉలవలు ముందే నానబెట్టడం ఒకటి. మూత పెట్టడం రెండోది. మూతలేని కాగు కింద ఎన్ని కట్టెలు పెట్టినా సగం వేడి ఆకాశానికి పోతుంది. గిన్నె ఎక్కించే ముందు అడుగున తడి బూడిద పూత పూస్తే కట్టె మిగలదు గానీ తోమేవాళ్ల చేతులు మిగులుతాయి. మసి ఆ పూతతోపాటే కడుక్కుపోతుంది.

నిప్పుల కుంపటి పెట్టుకుని తలుపులు మూయొద్దు

ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే మిగతావి మరిచినా క్షమించవచ్చు. పొగ రావడం లేదు, ఎర్రగా కణకణలాడుతున్నాయి, ఇంక భయం లేదనుకుంటాం. సరిగ్గా ఆ నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, ఆ తర్వాత కమ్మని నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు.

మన దగ్గర ఇది మూడు చోట్ల జరగగలదు. చింతపల్లి, లంబసింగి వైపు, ఆదిలాబాదు వైపు చలికాలం రాత్రుల్లో కుంపటి గదిలోకి తెచ్చుకున్నప్పుడు. అక్కడికి చలి చూడ్డానికి వెళ్లినవాళ్లు చలిమంట నిప్పుల్ని గుడారంలోకి లాక్కున్నప్పుడు. మూడోది బాలింత గది. గాలి తగలకూడదని కిటికీలు బిగించి, గుడ్డలు కూరి, మంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి వేస్తాం. వెచ్చదనం కావాలంటే దుప్పటి కప్పండి, నీళ్ల సీసా వెచ్చగా చేసి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఆచారం మానలేమంటారా, తలుపు తెరిచి పెట్టి, అయిదు నిమిషాలు కుంపటి తిప్పి, బయటికి తెచ్చేయండి. పసిబిడ్డ ఊపిరితిత్తులకి ఆ పొగ కూడా అక్కర్లేదన్నదే నా మాట.

గదిలో ఒకరికి కాక అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే అది జలుబు కాదు. తలుపులు తెరిచి అందర్నీ బయటికి లాగి, 108కి ఫోను చెయ్యండి.

మామూలు పొగనీ తక్కువ చేయలేం. ఇళ్లలో కట్టె, పిడక, బొగ్గు, కిరసనాయిలు పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జీవితంలో చుట్ట ముట్టని ఆడవాళ్లకి ముసలితనంలో పిల్లికూతలు, ఆయాసం ఎందుకొస్తాయో ఆ లెక్క చెబుతుంది. చంటిపిల్లను చంకనేసుకుని పొయ్యి ముందు కూర్చోవద్దు. వాన పడుతోందని పొయ్యిని వరండాలోకి మార్చి తలుపు దగ్గరికి వెయ్యొద్దు, ఎటో ఒక పక్క గాలికి దారి ఉండాలి.

కొంగు, నూనె, గాడిపొయ్యి

గ్యాసుకి తిప్పే మర ఉంది, కట్టెకి లేదు. నూనె మూకుడు పెట్టినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. నూనె నుంచి పొగ రావడం మొదలైతే గరిటె కాదు, ముందు కట్టెలు వెనక్కి లాగాలి. అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు అడుగుకి చేరి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెని నెత్తిమీదికి చిమ్ముతాయి. పళ్లెమో మూతో పక్కనుంచి జరిపి కప్పేసి వదిలేయండి. అరిసెలు వండే రోజు పొయ్యి పక్కన తగిన మూత సిద్ధంగా పెట్టుకోవడం మూకుడు పెట్టడంలో భాగమే.

కొంగు బొడ్లో దోపండి, చున్నీ తీసి పక్కన పెట్టండి. నైలాను, పాలిస్టరు నైటీలతో పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు. అవి కాలడమే కాక కరిగి ఒంటికి అంటుకుంటాయి. బట్టలంటుకుంటే పరుగెత్తకూడదు, పరుగెత్తితే మంటకి గాలి. నేల మీద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్లు గొంగడో మందపాటి నూలు దుప్పటో కప్పాలి.

గ్యాసు సిలిండరున్న గదిలో కట్టెల పొయ్యి పెట్టొద్దు, పెద్ద వంటకీ వద్దు.

పెళ్లిళ్లకి తవ్వే గాడిపొయ్యిని షామియానా నీడలో తవ్వకండి. గాలివాలు చూసుకోండి. వడ్డన అయ్యాక దాన్ని మట్టితో పూడ్చేసి వెళ్లిపోతారు. మట్టి కింద నిప్పు హాయిగా ఉంటుంది. తెల్లారి పిల్లలు చెప్పుల్లేకుండా అక్కడే ఆడతారు. ముందు నీళ్లు, కలియబెట్టాక మళ్లీ నీళ్లు, ఆ తర్వాతే మట్టి.

కాలితే నీళ్లు, నీళ్లే

పేస్టు, ఇంకు, నెయ్యి, పసుపు, కోడిగుడ్డు సొన, అరటిపండు ఏవీ వద్దు. మంచు ముక్క కూడా వద్దు. కుళాయి కిందో, చెంబుతో పోస్తూనో 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు. 20 నిమిషాలంటే చాలాసేపు, గడియారం చూడండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. చర్మానికి అతుక్కున్న గుడ్డ పీకొద్దు. బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన పొడిగుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొహం, చేతులు, కీళ్లు కాలినా, కాలింది పసిపిల్లలైనా చిన్న గాయమని ఇంట్లో ఉంచొద్దు.

బూడిదను నమ్మొద్దు

నాకు పదేళ్లప్పుడు చైత్రమాసంలో ఒక సాయంత్రం అమ్మ పొయ్యి ఎత్తమంది. బూడిద గంప నిండా ఎత్తి పెంటకుప్ప మీద పోసి వచ్చాను. చెయ్యి పెట్టి కూడా చూశాను, చల్లగా ఉంది. మర్నాడు మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. పెంటకుప్పకి పది గజాల్లో మా గడ్డివాము. ముందు సన్నగా పొగ, తర్వాత చూస్తుండగానే మంట. ఊరంతా బిందెలతో పరుగెత్తింది. గేదెల్ని విప్పేశారు కనుక అవి బతికాయి. ఏడాది మేత పోయింది. నాన్న నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నివురుగప్పిన నిప్పు అని మాటవరసకి అంటాం గానీ, అది అచ్చంగా జరిగే సంగతి. బూడిద దుప్పటిలా కప్పి, నిప్పుకి గాలి తక్కువగా అందేలా చేసి, వేడి పోకుండా కాపాడుతుంది. కణిక రోజు దాటి కూడా బతుకుతుంది. పాలు ఎర్రగా కాగడానికి దాలిలో పిడకలు పెట్టి వదిలేసేది ఈ గుణాన్ని నమ్ముకునే.

వంట అయ్యాక మిగిలిన కట్టెల్ని బయటికి లాగి, కొసల్ని నీళ్లలో ముంచండి. పొయ్యిలో బకెట్టు నీళ్లు గుమ్మరించొద్దు. మట్టి పొయ్యి పగులుతుంది, ఆవిరి మొహానికి కొడుతుంది. బూడిదని ఇనుప బొచ్చెలోకి ఎత్తి, నీళ్లు చిలకరించి, పుల్లతో కలిపి, మళ్లీ చిలకరించి, ఒక రోజంతా విడిగా ఉంచండి. ప్లాస్టిక్కు బకెట్లో, గోనెసంచిలో, అట్టపెట్టెలో ఎత్తొద్దు. గాలి ఉన్న రోజు అసలు పారబోయొద్దు. చల్లారిన శుభ్రమైన కట్టె బూడిద అంట్లకి పనికొస్తుంది, కందులు నిలవ చేయడానికి పనికొస్తుంది, చెట్ల మొదట్లోనూ చల్లుకోవచ్చు.

ఇంకొకటి. పొద్దున పొయ్యి ముట్టించేముందు కర్రతో లోపల ఒకసారి కదపండి. పొయ్యిలో పిల్లి లేవలేదని లేమి గురించి చెప్పే మాట ఊరికే పుట్టలేదు. చలికాలం పిల్లులు వెచ్చటి బూడిదలోనే పడుకుంటాయి.